నాగావళి గట్టున మా సంఘం: చరిత్ర రాయబోయి నేర్చుకున్న తొమ్మిది పాఠాలు

నాకు డెబ్బై ఎనిమిదేళ్లు. బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాను. పాలకొండకీ బొబ్బిలికీ నడుమ నాగావళి గట్టున ఉన్న చిన్న ఊరు మాది. ఆ ఊరి బాప్టిస్టు సంఘానికి చాలా ఏళ్లు కార్యదర్శిగా ఉన్నాను. ఒకప్పుడు సంఘం వాళ్లు నన్ను పిలిచి, "మేష్టారూ, మన సంఘం చరిత్ర మీరే రాయాలి" అన్నారు. మూడు నెలల్లో ముప్పై పేజీల పుస్తకం రాసిచ్చాను. అచ్చయింది, అందరూ మెచ్చుకున్నారు. ఆ పుస్తకంలో ఎన్ని తప్పులున్నాయో తెలుసుకోవడానికి మాత్రం నాకు ఇరవై ఏళ్లు పట్టింది. ఈ జిల్లాల్లో ఎవరైనా తమ సంఘం చరిత్రో ఊరి చరిత్రో రాయాలని కూర్చుంటే నాకు పట్టినంత కాలం వాళ్లకు పట్టకూడదు. అందుకే ఈ పాఠాలు.

1. ముందు నదిని చదవండి, తరవాత రిజిస్టరు

చరిత్ర రాయమనగానే నేను పోయి బీరువా తెరిచాను. ముందు గట్టెక్కి ఏరు చూడాల్సింది. నాగావళి ఒడిశాలోని కలహండి కొండల్లో పుడుతుంది. సంగాం దగ్గర సువర్ణముఖి, వేగావతి వచ్చి కలుస్తాయి. సుమారు 256 కిలోమీటర్లు ప్రవహించి, శ్రీకాకుళం దాటాక కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. దానికి ఉత్తరాన వంశధార కూడా ఆ కలహండి కొండల నుంచే వచ్చి కళింగపట్నం దగ్గర సముద్రం చేరుతుంది. బళ్ల బాటలు, రేవులు, సంతలు అన్నీ ఈ నదులను పట్టుకునే ఏర్పడ్డాయి. సువార్త చెప్పేవాళ్లు కూడా సంత రోజు చూసుకునే వచ్చేవారు.

మా బాప్తిస్మపు రిజిస్టరు ఎన్నిసార్లు తిరగేశానో లెక్కలేదు. పేర్లే చూశాను గాని నెలలు చూడలేదు. ఒకరోజు నెలలు వరసగా రాసుకుంటే, బాప్తిస్మాలు దాదాపు అన్నీ మాఘ ఫాల్గుణాల్లోనే పడ్డాయి. ఎందుకో రేవు దగ్గరికి వెళ్తే తెలిసింది. ఆ నెలల్లో రేవులో నీళ్లు నడుము దాకా వస్తాయి. మనిషిని ముంచి లేపడానికి అవి చాలు, కొట్టుకుపోతామన్న భయం ఉండదు. అప్పటికి కళ్లాలు కూడా ఎత్తేస్తారు కాబట్టి కంబారులకు కాస్త తీరుబడి. శ్రావణంలో ఏరు పొంగుతుంది, పొలంలో నాట్లుంటాయి. ఆ రోజుల్లో ఎవరికి సెలవు దొరుకుతుంది? మా వాళ్ల భక్తికి తేదీలు పెట్టింది ఏరు, వరి పంటే. నది తెలియనివాడు ఆ రిజిస్టరు చదివితే పేర్లే కనిపిస్తాయి, మనుషులు కనిపించరు.

2. పేట ఎక్కడుందో చూడండి

గ్రామ పటం ముందేసుకుని ప్రార్థన మందిరం మీద వేలు పెట్టండి. మా వైపు చాలా ఊళ్లలో ఆ వేలు ఊరి చివరనే ఆగుతుంది. చెరువు కింద పల్లంలోనో, గెడ్డ ఒడ్డునో, పొలాల మొదట్లోనో దళితుల పేట ఉంటుంది, పేటలో మందిరం ఉంటుంది. ఆ చోటు ఎవరూ ఎంచుకున్నది కాదు. ఊరు ఆ మనుషులను ఎక్కడ ఉండనిచ్చిందో అక్కడే మందిరం కట్టుకున్నారు.

మా మందిరం పునాది నడుమెత్తు ఎందుకుందని చిన్నప్పుడు మా నాన్నను అడిగాను. "వాన కాలంలో పేటంతా మునిగితే పిల్లల్నీ మేకల్నీ ఎక్కించడానికి ఇంకేటుంది బాబూ, మనకి ఎత్తయిన చోటు?" అన్నాడు. నేను రాసిన పుస్తకంలో ఆ పునాది ఎత్తు గురించి ఒక్క మాట లేదు. గోడమీది పాలరాతి పలక గురించి మాత్రం పేజీన్నర ఉంది. కొలతలు తీసుకోండి. మెట్లు లెక్కపెట్టండి. తలుపు ఏ దిక్కున తెరుచుకుంటుందో, బావి ఎంత దూరమో, ఆ బావి ఎవరిదో రాయండి. నేల చెప్పే మాట పలక చెప్పదు.

3. మొదటి పేరు దొరది కాకపోవచ్చు

నా పుస్తకం మొదటి వాక్యంలో మా సంఘాన్ని ఫలానా మిషనరీ దొరగారు స్థాపించారని రాశాను. ఆవిష్కరణ అయిన వారానికి తొంభై ఏళ్లు దాటిన ఒక మామ్మ కబురు పంపింది. వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. పుస్తకం ఆవిడ ఒళ్లోనే ఉంది. చదువు రాదు, మనవరాలి చేత చదివించుకుంది. "దొర రాకముందే మా తాత రాత్రిపూట కూడిక పెట్టేవోడు నాయనా. దొరకి బండి దారి చూపించింది మా తాతే. మరి పుస్తకంలో రాయనేదేటి?" అంది. నాకు నోట మాట రాలేదు.

అప్పటి నుంచి పెద్ద చరిత్రనూ ఆ కంటితోనే చూడటం మొదలెట్టాను. 1805లో లండన్ మిషన్ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. సువార్తలు తెలుగు చేయడంలో వాళ్లకు కుడిభుజంగా నిలిచింది ఆనందరాయర్ అనే ఈ దేశస్థుడు. క్రాన్ 1809లో శ్రీకాకుళంలో కన్నుమూశాడు, మరుసటి ఏడు డెస్ గ్రాంజెస్ కూడా పోయాడు. వాళ్లు మొదలుపెట్టిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. కెనడా బాప్టిస్టులు 1874లో కాకినాడలో అడుగుపెట్టడానికి ముందే అక్కడ పని మొదలుపెట్టి, వాళ్లను రమ్మని పిలిచినవాడు థామస్ గాబ్రియేల్ అనే తెలుగువాడు. మన ఆరాధనలో పాడే కీర్తనల్లో ఎన్నిటినో రాసిన పురుషోత్తమ చౌదరి పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు. ఇదే మట్టిలో పెరిగిన మనిషి.

దొరలు పడ్డ కష్టాన్ని తగ్గించి చెప్పడం లేదు. వాళ్లలో చాలామంది పిల్లల్ని ఈ మట్టిలోనే పాతిపెట్టారు. కానీ దొరకు దారి చూపించినవాడి పేరు కూడా పుస్తకంలో ఉండాలి. రెండో ముద్రణలో మామ్మ తాత పేరు మొదటి పేజీలో వేశాం. అప్పటికి మామ్మ లేదు.

4. ఎవరి ఎల్ల ఎంతవరకో తెలుసుకోండి

సాలూరులో పసిబిడ్డకు బాప్తిస్మం ఇస్తారు, బొబ్బిలిలో పెద్దయి విశ్వసించాకే ఇస్తారు. రెండూళ్ల మధ్య గట్టిగా ఒక పూట ప్రయాణం లేదు. ఇంత తేడా ఎందుకని పిల్లలు అడుగుతారు. ఆ జవాబు భూగోళంలో ఉంది. 1873లో కెనడా తూర్పు తీరంలోని నోవా స్కోషియా ప్రాంతం నుంచి ఏడుగురు బాప్టిస్టులు బయల్దేరారు. మొదట సయాం వెళ్లి, అక్కడ పని కుదరక 1875లో మన తీరానికి వచ్చారు. భీమునిపట్నం, శ్రీకాకుళం, 1879లో బొబ్బిలి, ఆ తరవాత విజయనగరం, పర్లాకిమిడి, పాలకొండ, టెక్కలి వాళ్ల మజిలీలయ్యాయి. జర్మనీలోని బ్రెక్లుం అనే ఊరి నుంచి వచ్చిన లూథరన్లు 1880ల్లో సాలూరు నుంచి కోరాపుట్ దాకా కొండదారి పట్టారు. ఒకరి పొలంలో ఒకరు దున్నకూడదన్న ఒప్పందం మిషన్ల మధ్య ఉండేది. అందుకే మైదానంలో బాప్టిస్టులు, ఘాటీ మొదట్లో లూథరన్లు.

కతోలికుల దారి వేరు. ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉన్న సవాయ్ ప్రాంతంలోని అనెసీ నుంచి 1846లో విశాఖపట్నం వచ్చిన గురువుల కాలం నుంచి వాళ్ల లెక్క మొదలవుతుంది. శ్రీకాకుళం మేత్రాసనం 1993లో ఏర్పడింది. పారిష్‌ను వాళ్లు విచారణ అంటారు. ఎంత చక్కని మాట! ఒక గురువు ఎంతమంది మంచిచెడులు విచారించాలో అదే విచారణ. మేము ఫీల్డు అంటాం. బొబ్బిలి ఫీల్డు, టెక్కలి ఫీల్డు అని పాత మినిట్స్ పుస్తకాల్లో కనిపిస్తుంది. మాట ఏదైనా దాని వెనక ఒక మనిషి నడిచిన దూరం ఉంది. 1914లో యుద్ధం వచ్చి జర్మన్ దొరలు తమ స్టేషన్లు విడిచి వెళ్లాల్సి వచ్చినప్పుడు, ఆ కొండదారి సంఘాలను నిలబెట్టుకోవడంలో స్థానిక బోధకులు, ఉపాధ్యాయుల పాలు పెద్దది. మీ సంఘానికి అలాంటి గడ్డు రోజు ఎప్పుడు వచ్చిందో కనుక్కోండి. చరిత్రకు వెన్నెముక అదే.

5. జిల్లాలు మారతాయి, ఊరు కదలదు

పార్వతీపురాన్నే తీసుకోండి. 1950 ఆగస్టు 15 దాకా విశాఖపట్నం జిల్లా. తరవాత శ్రీకాకుళం. 1979 జూన్ 1 నుంచి విజయనగరం. 2022 ఏప్రిల్ 4 నుంచి తన పేరుతోనే మన్యం జిల్లా. పాలకొండ కూడా ఆ రోజే శ్రీకాకుళం విడిచి అటు వెళ్లింది. టెక్కలి, శ్రీకాకుళం, సోంపేటలు 1936కు ముందు గంజాం జిల్లాలో ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు అవి విశాఖలో కలిశాయి, పర్లాకిమిడి పట్టణం ఒడిశాకు పోయింది. మహేంద్రతనయకు ఇటు పాతపట్నం, అటు పర్లాకిమిడి. నిన్నటిదాకా ఒకే సంఘ కుటుంబం, తెల్లారేసరికి రెండు రాష్ట్రాలు. పర్లాకిమిడిలో సవరల భాష నేర్చి, వాళ్లకు బడి పెట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు ఆ ఏడాదే అక్కడి ఇల్లు వదిలి రాజమండ్రి చేరారు. పటం మీద గీసిన గీత ఒక మనిషి బతుకులో ఎంత లోతుగా పడుతుందో చెప్పడానికి అదొక్కటి చాలు.

అందుచేత టెక్కలి సంఘం పాత కాగితం కావాలంటే గంజాం పేరుతో వెతకండి, పార్వతీపురం కాగితం కావాలంటే విశాఖ పేరుతో వెతకండి. దొరల ఉత్తరాల్లో శ్రీకాకుళం చికాకోల్ అవుతుంది, భీమునిపట్నం బిమ్లిపటం అవుతుంది. ఒక ఊరికి వాళ్లు పలికిన పేర్లన్నీ ముందే ఒక పట్టీగా రాసిపెట్టుకోండి. నేను ఆ పట్టీ లేకుండా మొదలుపెట్టి రెండేళ్లు పోగొట్టుకున్నాను.

6. సమాధుల తోటకు తెల్లవారే వెళ్లండి

నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు అరిగిన రాయి ఏమీ చెప్పదు. సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు వెళ్లండి. తడిగుడ్డతో మెత్తగా తుడవండి. రాతిమీద తడి ఆరేలోపు అక్షరాలు నీడలుగా లేస్తాయి. సెల్‌ఫోను లైటు రాతికి పక్క నుంచి పట్టి ఫొటో తీసినా అంతే. ఇనప బ్రష్షు, యాసిడ్ దగ్గరికి రానివ్వకండి. అక్షరాలు పోతున్నాయని రంగు పులమకండి. మేము ఒక సమాధికి ప్రేమకొద్దీ నల్లరంగు వేయించాం. వేసినవాడు మసకగా ఉన్న తొమ్మిదిని సున్నా చేశాడు. ఇప్పుడు ఆ తప్పే రాతిమీద నిలిచింది.

మా తోటలో నాకు ఎక్కువ విలువైనది పాలరాయి కాదు. సిమెంటు పచ్చిగా ఉండగా మేకుతో గీసిన ఒక పలక. పేరులో ఒత్తు తప్పింది, తేదీ వంకరగా ఉంది. రాసినవాడు అప్పుడే అక్షరాలు నేర్చుకుంటున్న కొడుకు. తండ్రి తరం వరకూ ఆ ఇంట్లో సంతకం పెట్టగలిగినవాడు లేడు. మిషన్ బడి మా పేటకు ఏమిచ్చిందని ఎవరైనా అడిగితే ఆ పలక దగ్గరికి తీసుకెళ్తాను.

ఒకటి మరవకండి. రాయి లేని సమాధులే ఎక్కువ. తోట పటం గీసి, ఏ మట్టిదిబ్బ ఎవరిదో పెద్దల్ని నడిపిస్తూ అడిగి రాసుకోండి. హిరమండలం దగ్గర వంశధార జలాశయం కోసం ఊళ్లే ఖాళీ అయ్యాయి. ఊరు లేచిపోయినప్పుడు మనుషులు సామాను తీసుకెళ్తారు, సమాధుల్ని తీసుకెళ్లలేరు. పటం ఉంటే జ్ఞాపకమైనా వెంట వస్తుంది.

7. ఆడవాళ్లను అడగండి

సంఘం మినిట్స్ పుస్తకం రాసింది మగవాళ్లు. సంఘాన్ని పోషించింది ఆడవాళ్లు. పొద్దున అన్నానికి బియ్యం పోసేటప్పుడు ఒక గుప్పెడు తీసి పక్కన ముంతలో వేసేవారు. ఆదివారం ఆ బియ్యం మందిరానికి వచ్చేది. బోధకుడి ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ గుప్పెళ్లతోనే. ఇంట్లో చోడి అంబలి తాగిన రోజు కూడా మా అమ్మ ఆ గుప్పెడు తీయడం నా కళ్లారా చూశాను. ఆ లెక్క ఏ పుస్తకంలోనూ లేదు.

బైబిలు స్త్రీలని ఉండేవారు. మగ బోధకులు అడుగు పెట్టలేని లోగిళ్లలోకి వాళ్లు వెళ్లేవారు. కథ చెప్పి, పాట నేర్పి, అక్షరం దిద్దించి వచ్చేవారు. చాలామంది విధవలు. సంచిలో పుస్తకం, కాళ్లకు చెప్పులుండీ లేకా, రోజుకు రెండు మూడు ఊళ్లు తిరిగేవారు. బొబ్బిలిలో ఆడపిల్లల బడి నడిపిన మటిల్డా చర్చిల్ దొరసాని ఇంటికి రాసిన ఉత్తరాలు 1916లో పుస్తకంగా వచ్చాయి. అది ఆ కాలపు బొబ్బిలికి మంచి సాక్ష్యం. కానీ ఆవిడ పక్కన నడిచిన తెలుగు స్త్రీల ఉత్తరాలు ఎక్కడా లేవు. వాళ్ల మనవరాళ్లు ఉన్నారు. వెళ్లి అడగండి. వంట చేస్తుండగా అడగండి, కూరలు తరుగుతూ మాట్లాడతారు. మైకు పెట్టి కుర్చీలో కూర్చోబెడితే "నాకేటి తెలుసు బాబూ" అని మానేస్తారు.

8. రాయని పేరును బలవంతంగా రాయకండి

1950ల తరవాతి పేజీల్లో మా సంఘపు పేర్లు తగ్గుతాయి. ఆదివారం బెంచీలు మాత్రం ఖాళీ కాలేదు. విశ్వాసం చల్లారిందని నా మొదటి పుస్తకంలో రాశాను. అది అన్యాయమైన మాట. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా ఉండదు. మన రాష్ట్రంలో వాళ్లు బి.సి.-సి కింద వస్తారు. పిల్లవాడి చదువు, ఉద్యోగం ఒకవైపు, రిజిస్టరులో పేరు మరోవైపు. ఏ తండ్రి ఏది ఎంచుకున్నాడో తీర్పు చెప్పడానికి మనం ఎవరం?

ఎందుకు తగ్గాయో కారణం రాయండి. ఎవరెవరి పేర్లు లేవో మాత్రం రాయకండి. బతికున్నవాళ్ల కడుపు కొట్టే చరిత్ర మనకు వద్దు. ఈ మాట నేను గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే ఒకరి పేరు అనాలోచితంగా అచ్చు వేయించి, తరవాత ఆ ఇంటికి వెళ్లి చేతులు పట్టుకుని క్షమాపణ అడిగాను.

9. మూడు నకళ్లు, మూడు చోట్ల

అన్నీ ఒకేచోట పెడితే ఏమవుతుందో ఐర్లాండును చూడండి. అక్కడ పల్లె చరిత్ర రాసేవాళ్లకు పారిష్ రిజిస్టర్లే ముఖ్య ఆధారం. ఆంగ్లికన్ చర్చి రిజిస్టర్లలో సగానికి పైగా డబ్లిన్‌లోని ప్రభుత్వ దస్తావేజుల భవనంలో భద్రంగా పెట్టారు. 1922 జూన్ 30న అంతర్యుద్ధంలో ఆ భవనం కాలిపోయింది, రిజిస్టర్లూ పోయాయి. కతోలిక రిజిస్టర్లు చాలావరకు పల్లెల్లోనే గురువుల దగ్గర ఉండిపోవడంతో మిగిలాయి. వాటిని జాతీయ గ్రంథాలయం ఫిల్మ్ తీసి, 2015లో అందరికీ ఇంటర్నెట్‌లో పెట్టింది. రిజిస్టర్లు పోయినచోట అక్కడివాళ్లు సమాధి రాళ్లు, భూమి శిస్తు లెక్కలు పట్టుకుని వంశాలు కలుపుకుంటున్నారు.

మనకు అంతర్యుద్ధం అక్కర్లేదు, చెదలూ తుపానూ చాలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. అక్కడ మా బంధువుల సంఘంలో బీరువా మీద రేకు లేచిపోయింది. నాలుగు రోజుల తరవాత నేను వెళ్లేసరికి రిజిస్టరు ఇటుకలా గడ్డకట్టింది. ఎండలో పెట్టనివ్వలేదు. నీడన ఉంచి, పేజీ పేజీకీ మధ్య పాత వార్తాపత్రిక పెట్టి, పూటకోసారి మారుస్తూ ఆరబెట్టాం. సిరాతో రాసినవి కరిగిపోయాయి. పెన్సిలుతో రాసినవి నిలిచాయి.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. అసలు పుస్తకం ఊళ్లోనే ఉండాలి. ఒక జిరాక్సు పక్క ఊరి సంఘంలో ఉండాలి. ఫొటోలు దూరాన ఉన్న ఇద్దరు పిల్లల ఫోన్లలో, కంప్యూటర్లలో ఉండాలి. ఆస్తి దస్తావేజులకూ ఇదే మాట. మందిరం స్థలం సర్వే నంబరు, హద్దులు కార్యదర్శికి ఒక్కడికే తెలిస్తే ఆ స్థలం సగం పోయినట్టే.

ఇంతే నేను నేర్చుకున్నది. నా కళ్లు మసకబారుతున్నాయి, రాళ్లమీద అక్షరాలు ఇప్పుడు మనవడు చదివి చెప్తున్నాడు. చదువుతున్న మీకు ఒక పని చెప్తాను. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మీ సంఘంలో అందరికన్నా పెద్దావిడ దగ్గర ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు పట్టుకుని కూర్చోండి. నాలుగే ప్రశ్నలు అడగండి. మొదటి కూడిక ఎవరింట్లో జరిగింది? బాప్తిస్మాలు ఏ రేవులో ఇచ్చేవారు? వరదొస్తే ఎక్కడికి ఎక్కేవారు? రాయి లేని సమాధుల్లో మీ వాళ్లది ఏది? ఆవిడ చెప్పింది చెప్పినట్టు, ఆవిడ మాటల్లోనే రాయండి. కింద తేదీ వేయండి.